మజ్జిగ అందరికీ, హారతి మనవాళ్ళకే

మొన్న ఫోనులో పెద్దది అడిగింది. "అమ్మమ్మా, నాకు ఓటు వచ్చింది. ఇంతకీ మన ఇల్లు ఏ పార్టీ?" అని. వెనకాల చిన్నాడు నవ్వుతున్నాడు. మీరు పుణెలో పుట్టి పెరిగారు. అక్కడ మీ పక్క ఫ్లాటువాళ్ళు ఎవరికి వేస్తారో మీ అమ్మకు కూడా తెలియదు. అయినా "నేనెవరికి వెయ్యను" అని అడగకుండా "మన ఇల్లు ఏ పార్టీ" అని అడిగావు చూడు, అక్కడే మన ఊరి పిల్లవనిపించావు. ఫోనులో చెబితే సగం వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకని కూర్చుని రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

మన ఊళ్ళో ఇళ్ళకి పార్టీ ఉంటుంది. వీధి మొదట్లో నిలబడి చివరిదాకా వేలు చూపించి చెప్పుకుంటూ పోవచ్చు. కాలవ గట్టు మీద ఇళ్ళు ఒక వైపు. సెంటరు నుంచి రైసు మిల్లు దాకా ఉన్న ఇళ్ళు, మనది కూడా అందులోనే, రెండో వైపు. రేవు దగ్గర చేపలు పట్టేవాళ్ళ వీధి ఉంది కదా, మీరు వచ్చినప్పుడు రొయ్యలు తెచ్చి ఇస్తారు, వాళ్ళు మొదటి నుంచీ ఎవరికీ రాసిచ్చినట్టు ఉండరు. ఎన్నికలు దగ్గర పడ్డాక వలలు ఆరేసే చోట పెద్దవాళ్ళు కూర్చుని ఒక మాట అనుకునేవారు. వీధంతా ఆ మాట మీదే ఉండేది. ఇప్పుడు అంత కట్టుబాటు లేదు. కుర్రాళ్ళు ఫోనులు చూసుకుని ఎవరికి వాళ్ళు అనుకుంటున్నారు.

ఎందుకిలా అంటే కులం ఉంది. లేదని చెబితే మీ దగ్గర అబద్ధం ఆడినట్టు. కానీ దాని ఒక్కదానితోనే తెమలదు. మన వీధి ఇటు ఎలా వచ్చిందంటే, మీ తాతయ్యవాళ్ళ నాన్నగారికీ కాలవ గట్టు మీద ఒక పెద్దాయనకీ పంట బోదె నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగింది. ఆయన ఒక జెండా పట్టుకున్నాడు కాబట్టి ఈయన రెండోది పట్టుకున్నాడు. ఈయన వెనకాల ఈయన అన్నదమ్ములు, పాలికాపులు, వాళ్ళ వాళ్ళు. ఇప్పుడా బోదెకి సిమెంటు చేశారు. నీళ్ళు ఇద్దరికీ సరిపోతున్నాయి. ఓట్లు మాత్రం అప్పుడు ఎటు తిరిగాయో అటే ఉండిపోయాయి. ఇంకా గోదావరి పోటెత్తి లంకలు మునిగినప్పుడు ముందుగా పడవ మీద బియ్యం తెచ్చిందెవరు, ఇంటి స్థలం ఎవరి హయాంలో వచ్చింది, పింఛను ఎవరు పెంచారు, ఇవన్నీ జనానికి గుర్తుంటాయి. టీవీలో కూర్చుని మాట్లాడేవాళ్ళు గాలి అటు ఉంది ఇటు ఉంది అంటారు. మన దగ్గర గాలి మారినా ఇళ్ళు అంత తొందరగా తిరగవు.

ఆడవాళ్ళ సంగతి వేరు. మాకు పెళ్ళితో ఇంటిపేరు మారినట్టే పార్టీ కూడా మారిపోయేది. మా పుట్టింటివాళ్ళది కాలవ గట్టువాళ్ళ పార్టీయే. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఎన్నికలకి మా అత్తగారు, ఉప్పు జాడీ ఎక్కడుందో చెప్పినంత మామూలుగా, "మన గుర్తు ఇదమ్మా, పై నుంచి చూసుకుంటూ రా" అన్నారు. నేను సరేనన్నాను. లోపలికి వెళ్ళి ఏం చేశానో ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగాల్సిన విషయమని ఎవరికీ తోచేది కాదు.

మీ అత్తయ్యదీ అంతే. కడియం దగ్గర నర్సరీ వాళ్ళమ్మాయి. వాళ్ళిల్లు గట్టిగా అవతలి పార్టీ. మీ మావయ్యతో సంబంధం కుదిరినప్పుడు తాంబూలాలు పుచ్చుకుంటూ వాళ్ళ నాన్నగారు, "పిల్లనిస్తున్నాం గానీ ఓటు ఇవ్వడం లేదండోయ్" అన్నారు. మీ తాతయ్య ఊరుకుంటారా? "పిల్ల మా గుమ్మం దాటి లోపలికొస్తే ఓటు దానంతటదే వస్తుందండి బావగారూ" అన్నారు. అందరూ నవ్వారు. పిల్ల కూడా తల వంచుకుని నవ్వింది. అది పెద్దవాళ్ళ పరాచికం అనుకున్నాం. ఇన్నేళ్ళ తరవాత, పోయిన ఎన్నికల్లో, అదే మా మధ్యకి వచ్చి కూర్చుంది.

మీకు హారతి సంగతి చెప్పాలి ముందు. ప్రచారానికి అభ్యర్థి వీధిలోకి వస్తే ఇంటి ఆడవాళ్ళు గేటు దగ్గర హారతి ఇచ్చి బొట్టు పెడతారు. అందరికీ ఇవ్వరు. మన వీధిలో పద్ధతేంటంటే, మజ్జిగ అందరికీ, హారతి మనవాళ్ళకే. అవతలి పార్టీ ఆయన వస్తే గేటు దగ్గర నిలబడి నమస్కారం పెడతాం. ఎండలో పడి వచ్చారు కాబట్టి మజ్జిగ ఇస్తాం. ఆయనా తాగి, "చల్లగా ఉండాలమ్మా" అని వెళ్ళిపోతాడు. ఓటు అడిగినట్టు అడుగుతాడు, చూద్దామన్నట్టు మనం తలూపుతాం. ఎవరికీ కష్టం ఉండదు. హారతి పళ్ళెం కనపడితే మాత్రం అది మాటిచ్చినట్టే. వీధిలో ఎన్ని పళ్ళేలు వెలిగాయో చూసుకుని వాళ్ళు లెక్కలు కట్టుకుంటారు.

ఆ రోజు మనవైపు ఆయన పొద్దున్నే వస్తాడని కబురు చేశారు. అత్తయ్య తలంటుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం సర్దుకుని ఉంది. నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మన సందు ఇరుకు కదా, జెండాలు కట్టిన జీపులూ పాటల బండీ వంతెన దగ్గరే ఆగిపోతాయి. ముందు డప్పుల మేళం వస్తుంది, వెనకాల మనుషులు నడిచి వస్తారు. ఆ మేళం ఎప్పుడూ మనవైపే వాయించేది. వాళ్ళ వరస నేను పెరట్లో ఉన్నా పోల్చుకోగలను. మేళం వినపడగానే, "వచ్చేశారమ్మా, కర్పూరం వెలిగించు" అని కేకేశాను.

అత్తయ్య గబగబా వెలిగించుకుని పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని గేటు దాటింది. అప్పటికి ఆయన గేటు ముందుకి వచ్చేశాడు. తలెత్తి చూస్తే మెడలో కండువా వేరే రంగు. ఆ రోజు పెళ్ళిళ్ళ ముహూర్తమట. మేళాలు దొరక్క అవతలివాళ్ళు మన మేళాన్నే పొద్దుటి పూటకి మాట్లాడుకున్నారట. మనాయన ఇంకా ముందు ఊరు దాటనేలేదు, ఆ రోజుకి ఇక మన వీధికి రానేలేదు.

ఏం చేస్తుంది? కర్పూరం వెలిగించాక నోటితో ఊదకూడదు. వెలిగిన హారతి ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి వెనక్కి తిరగకూడదు. నా వైపు ఒక్కసారి చూసింది. నాకు ఈ కళ్ళతో కండువాలు ఏం ఆనతాయి, ఇంకా ఆలస్యమేంటన్నట్టు చెయ్యి ఊపాను. ఇచ్చేసింది. బొట్టు కూడా పెట్టింది. ఆయన కూడా ఇది ఎవరి ఇల్లో తెలిసినవాడే, ఒక్క క్షణం తెల్లబోయి, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. పక్కనున్న మనిషి పళ్ళెంలో నోటు వేయబోతే అత్తయ్య పళ్ళెం వెనక్కి తీసుకుంది. ఎవరు తీశారో గానీ ఫొటో అంతకు ముందే తీశారు. అందులో కర్పూరం వెలుగుతోంది, ఆయన దణ్ణం పెడుతున్నాడు, మన గేటు స్పష్టంగా ఉంది. పొరపాటు ఫొటోలో ఎక్కడ కనపడుతుంది? అన్నాల వేళకి అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది.

సాయంత్రం చినతాతయ్య వచ్చాడు. మీకు తెలుసుగా, తాతయ్యకి వరసకి తమ్ముడు, సెంటరులో డాబా ఇల్లు, మనవైపు వ్యవహారాలన్నీ ఆయనే చూస్తాడు. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుని, "వదినగారూ, గేటుకి కొత్త రంగేమైనా వేయిస్తున్నారా?" అన్నాడు.

"మజ్జిగ తాగుతావా?" అన్నాను.

"మజ్జిగ మీరు ఎవరికైనా ఇస్తారండి. ఇప్పుడు హారతులు కూడా ఎవరికైనా ఇస్తున్నారని విన్నాను."

"వెలిగించమన్నది నేనే. మేళం విని మనవాళ్ళే అనుకున్నాను."

"మీరు కోడల్ని కాచుకొస్తారని నాకు తెలీదేంటండి? మా ఆవిడా అంతే, పైవాళ్ళ ముందు కోడలి మీద ఈగ వాలనివ్వదు. ఇంట్లో సంగతి వేరనుకోండి." అని మావయ్య వైపు తిరిగాడు. "అబ్బాయ్, పైన పార్టీవాళ్ళు అడుగుతున్నారు. లోపల కూర్చునేవాడి ఇంట్లోంచే అటు హారతి వెళితే, వాడు కూర్చుని ఏం కాపలా కాస్తాడు అంటున్నారు."

లోపల కూర్చోవడం అంటే పోలింగ్ ఏజెంటుగా. ఎన్నికల రోజు బడిలో, అధికారుల పక్కన, మనవైపు తరఫున బెంచీ మీద కూర్చుంటాడు. వచ్చేవాళ్ళు ఫలానావాళ్ళేనా కాదా చూస్తాడు. తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన కూర్చున్నారు. తరవాత మావయ్య. ఎన్నికలనగానే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తెల్లారకుండా వెళ్ళి, పులిహోర క్యారేజీ అక్కడికే తెప్పించుకుని, మిషను సీలు వేసేదాకా కదలడు. పొలం, కొబ్బరితోట తాతయ్య నుంచి ఎలా వచ్చాయో ఆ బెంచీ కూడా అలాగే వచ్చిందనుకుంటాడు. మావయ్యకి మాట తక్కువ. ఊళ్ళో నలుగురూ వాడిని మనిషిగా లెక్కపెట్టేది ఆ ఒక్క రోజేనని లోపల ఉంది.

"నేను సర్దిచెప్పాన్లే" అన్నాడు చినతాతయ్య. "మనాయన ఎల్లుండి వస్తున్నాడు. అమ్మాయి చక్కగా మంచి చీర కట్టుకుని హారతి ఇస్తుంది. నేనే ఫొటో తీసి అదే గ్రూపులో పెడతాను. దాంతో అయిపోతుంది. లేదంటే ఈసారికి నువ్వు బయట టెంటు దగ్గర చూసుకో, లోపలికి ఇంకెవరినైనా పెడదాం."

ఆయన వెళ్ళాక మావయ్య గట్టిగా ఏమీ అనలేదు. అరిచినా బాగుండేది. అత్తయ్య పాలు కాస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "మీ నాన్నగారు ఏమైనా ఫోన్ చేశారా?" అన్నాడు.

"దేనికండి?"

"అదే... హారతి గురించి ఏమైనా..."

అత్తయ్య పొయ్యి కట్టేసి, పాలు దింపి, వాడి పక్కనుంచే గదిలోకి వెళ్ళిపోయింది. ఇంతకాలం కాపురం చేసిన మనిషిని ఆ మాట అడగడం నాకూ నచ్చలేదు. కానీ మొగుడూ పెళ్ళాల మధ్య నేనేం అంటాను?

ఆ మర్నాడు పొద్దున్న వాళ్ళ నాన్నగారి ఫోన్ నిజంగానే వచ్చింది. అత్తయ్య కూర తరుగుతోంది, చెయ్యి ఖాళీ లేక స్పీకరు పెట్టింది.

"తల్లీ, ఫొటో చూశాన్రా! నర్సరీలో అందరికీ చూపించాను. మొక్కలు ఎక్కించుకోవడానికొచ్చిన లారీ డ్రైవరుకి కూడా చూపించాను. పాపం అతనికి తెలుగు రాదు, అయినా బాగుందన్నాడు."

"నాన్నా, అది పొరపాటున జరిగింది."

"అలా చెప్పమన్నారా అక్కడ?" అన్నారు.

"ఎవరూ చెప్పమనలేదు. నిజంగానే పొరపాటు నాన్నా."

"సర్లే సర్లే. పక్కన మీ అత్తగారున్నారా ఏంటి?" అని గొంతు తగ్గించారు.

"ఉన్నానండి అన్నయ్యగారూ" అన్నాను. ఠక్కున ఫోన్ పెట్టేశారు.

నేను నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. బెండకాయలు తరుగుతూనే, "అక్కడ నేను వాళ్ళ పార్టీ అని సంతోషం. ఇక్కడ వాళ్ళ పార్టీ అని అనుమానం. పొరపాటు పడ్డానంటే ఒక్కరికీ నమ్మకం లేదు చూశారా అత్తయ్యగారూ. అసలు నువ్వెవరికి వేద్దామనుకుంటున్నావని ఎవరైనా అడిగారా అండి నన్ను, పెళ్ళైన దగ్గర్నుంచి?" అంది. నేనూ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. ఆ మాటే అన్నాను. అత్తయ్య కత్తిపీట ఆపి నా మొహంలోకి చూసి, మళ్ళీ తరుగుకుంది.

ఆ సాయంత్రం మావయ్యే కదిపాడు. "రేపు హారతి..." అన్నాడు.

"ఇస్తానండి. దానికేముంది" అంది అత్తయ్య. "నిన్నటిది పొరపాటేనని మీరు నమ్ముతున్నారా?"

"నమ్మకేం."

"మరి ఫొటో ఎవరికి?"

"ఊరికి."

"ఊరికి మీరు చెప్పండి. మా ఆవిడ పొరపాటు పడింది, నాకు తెలుసు అని నలుగురి ముందూ ఒక్క మాట చెప్పండి. అప్పుడు ఇస్తాను. మీరేమీ అనకుండా నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాననుకోండి, మొన్న కావాలని ఇచ్చి ఇవాళ భయపడి ఇచ్చినట్టుంటుంది. నావల్ల కాదండి అది."

మావయ్య పశువుల పాక వైపు వెళ్ళిపోయాడు. నలుగురిలో మాట్లాడడం వాడికి చిన్నప్పటి నుంచీ చేత కాదు. అందుకే ఆ బెంచీ అంటే అంత ఇష్టం, అక్కడ మాట్లాడకుండా కూర్చుంటే చాలు.

మర్నాడు మళ్ళీ మేళం వచ్చింది. ఈసారి మనవాళ్ళేనని మావయ్య వంతెన దాకా వెళ్ళి చూసి వచ్చాడు. అత్తయ్య పళ్ళెం పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. కర్పూరం ఉంది, వెలిగించలేదు. అగ్గిపెట్టె పళ్ళెంలోనే ఉంది. చినతాతయ్య ముందే వచ్చి ఫోను పట్టుకుని, "అమ్మాయ్, కాస్త ఇటు జరుగు, మొహం మీద నీడ పడుతోంది" అంటున్నాడు. గోడల మీంచి అందరూ చూస్తున్నారు. అభ్యర్థి వచ్చి నిలబడ్డాడు, చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. మేళం ఆగింది. అత్తయ్య మావయ్య వైపు చూస్తోంది. నేను అత్తయ్య చేతుల వైపు చూస్తున్నాను.

మావయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏవండీ, మొన్న మా ఇంట్లో హారతి అవతలాయనకి పొరపాటున వెళ్ళిందండి. ఇదే మేళం వాళ్ళకీ వాయించింది, మా అమ్మ విని మీరే అనుకుంది. మా ఆవిడ చూసేసరికి కర్పూరం వెలిగించేసి ఉంది. అంతేనండి. అందులో ఇంకేమీ లేదు. నాకు తెలుసు." చివరి మాట గోడల అవతలివాళ్ళకి కూడా వినపడింది.

అభ్యర్థి చినతాతయ్య మొహం చూశాడు. "ఏ హారతండి?" అన్నాడు. పాపం ఆయనకి ఆ సంగతే తెలియదు. ఊరూరా ఎన్ని గేట్లు తిరుగుతున్నాడో, మన గేటు ఎవరు పట్టించుకున్నారు! చినతాతయ్య, "ఆయ్, ఏం లేదండి, చిన్న విషయం" అని నసిగాడు.

అత్తయ్య అగ్గిపుల్ల గీసింది. మాట ప్రకారం చక్కగా హారతి ఇచ్చి బొట్టు పెట్టింది. చినతాతయ్య ఫోను ఎత్తాడు. మావయ్య దాని ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫొటో వద్దు బాబాయ్."

"అదేంట్రా, అసలు పనే అది కదా!"

"వద్దు. నేను చెప్పాను కదా."

"అమ్మా, మజ్జిగేమైనా ఉన్నాయా?" అన్నాడు అభ్యర్థి. రెండు గ్లాసులు తాగి వెళ్ళాడు.

గ్రూపులో మొదటి ఫొటో ఒక్కటే మిగిలింది. బెంచీ పోయింది. ఈసారి లోపల చినతాతయ్య పెద్దకొడుకు కూర్చున్నాడు. ముందు నుంచీ ఆ ఆలోచన ఉందేమో నాకు తెలియదు, తెలియని మాట అనను. టెంటు దగ్గరికి రమ్మంటే మావయ్య వెళ్ళలేదు. ఎన్నికల ముందు రోజు ఇస్త్రీ చొక్కా తెచ్చుకుని, మళ్ళీ ఎందుకులే అని బీరువాలో పెట్టేశాడు.

ఎన్నికల రోజు పొద్దున్న అత్తయ్య ఆ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. "ఏవండీ, కలిసి వెళ్దామా?" అంది. మీకిది చిన్న సంగతిలా ఉంటుంది. వాళ్ళ పెళ్ళైన దగ్గర్నుంచి వాడు ఎప్పుడూ లోపలే ఉండేవాడు, తన ఓటు ఎప్పుడో మధ్యలో వేసేసుకునేవాడు. అత్తయ్య నాతోనో పక్కింటివాళ్ళతోనో వెళ్ళేది. ఇద్దరూ కలిసి ఓటుకి వెళ్ళడం అదే మొదలు. నన్ను మధ్యలో పెట్టుకుని నడిపించారు. బడి దగ్గర ఆడవాళ్ళ వరస వేరు, మగవాళ్ళ వరస వేరు. వాడు ఎండలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు, వరసలో నిలబడడం కొత్త కదా. రేవు వీధివాళ్ళలో ఒకాయన, "ఏంటండీ, ఈసారి మాతోపాటు నిలబడ్డారు?" అని నవ్వాడు. "ఆయ్, నీడ పట్టున కూర్చుని కూర్చుని విసుగొచ్చిందండి" అన్నాడు మావయ్య. వాడు అంత చమత్కారంగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

తిరిగి వస్తుంటే కాలవ గట్టు మీద మావయ్య అత్తయ్య వేలి మీద సిరా చుక్క చూసి ఏదో అడగబోయాడు. మళ్ళీ ఆగి, "ఎండగా ఉంది, గొడుగు తేవాల్సింది" అన్నాడు. అత్తయ్య మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది.

లెక్కింపు అయ్యాక మన పోలింగ్ బూత్‌లో ఎప్పటిలాగే మనవైపే ఎక్కువ వచ్చాయి. ఈసారి తేడా కాస్త తగ్గిందన్నారు. తగ్గినవి ఎవరివోనని వీధంతా ఒకరి గేటు ఒకరు చూసుకున్నారు. మన గేటు ఇంకొంచెం ఎక్కువ చూశారు. చినతాతయ్య కొన్నాళ్ళు ముభావంగా ఉండి, ఇప్పుడు మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. అత్తయ్యే మజ్జిగ ఇస్తుంది.

మన ఇల్లు ఏ పార్టీ అన్నావు కదా. మావయ్యదైతే నాకు తెలుసు, వాడు మారడు. అత్తయ్యది నాకు తెలియదు. నాది మీ తాతయ్యకి కూడా తెలియదు. ఇంక ఇల్లంటే గోడలూ గేటే కదా, దాన్ని అడిగి నువ్వేం చేస్తావు? మీ ఊళ్ళో నిలబడ్డవాళ్ళెవరో చూసుకో, నీకు తోచినట్టు వేసుకో. వేశాక వేలు ఫొటో తీసి పంపించు, చూసుకుంటాను. ఎవరికి వేశావో మాత్రం నాకు చెప్పక్కర్లేదు.